ఓడ ముందువైపు నుంచి వచ్చినవాళ్లు

పోయిన ఆదివారం ఒక పుస్తకావిష్కరణ సభలో వక్త ఒకాయన, నవలను సినిమాగా తీస్తే ఆ నవల చచ్చిపోయినట్టే అన్నారు. హాలంతా చప్పట్లు. ఒక్క ఉదాహరణ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాట చాలాసార్లు నిజమే. కానీ ఆ మాట అనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అదేమిటో ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. నవల ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ చేత పట్టుకుని సినిమా చూడాలి. ఎవర్ని తీసేశారు, ఎవరి చావును ముందుకు జరిపారు, ఎవరి నోటి మాట ఇంకెవరికిచ్చారు అని పేజీ అంచున రాసుకుంటూ పోవాలి. ఒక నవలను అందరికన్నా గట్టిగా చదివేది దాన్ని తెరకెక్కించే రచయితే. ఉంచడమా తీసేయడమా అని ప్రతి పేజీ దగ్గరా అతను తేల్చుకోవాలి. మనకు ఆ బాధ్యత లేదు.

ఈ వారం ఆ పని ‘పోసైడన్ అడ్వెంచర్’తో చేశాను. నవల అబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఎప్పుడో కొన్నది, అట్ట ఊడిపోయింది. రాసింది పాల్ గాలికో, 1969లో. న్యూయార్క్ ‘డైలీ న్యూస్’లో ఆటల విలేకరిగా పేరు తెచ్చుకున్నవాడు. జాక్ డెంప్సీ గుద్దు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి స్వయంగా రింగులోకి దిగి పడిపోయినవాడు. నవలలోనూ అదే తీరు, ఒంటికి తగిలితే గానీ దేన్నీ నమ్మడు. 81,000 టన్నుల ఓడ, నెల రోజుల క్రిస్మస్ విహారం ముగించుకుని లిస్బన్ వైపు వస్తూ అట్లాంటిక్‌లో బోర్లా పడుతుంది. కారణం సముద్రగర్భంలో భూకంపం. కప్పు నేలవుతుంది, నేల కప్పవుతుంది. భోజనశాలలో ప్రాణాలతో మిగిలినవాళ్లలో కొందరు ఫ్రాంక్ స్కాట్ అనే పాస్టర్ వెంట పైకి, అంటే ఓడ అడుగు వైపుకి, ఎక్కడం మొదలుపెడతారు. మిగతావాళ్లు కదలరు.

సినిమా 1972లో వచ్చింది. నిర్మాత ఇర్విన్ ఆలెన్, దర్శకుడు రోనాల్డ్ నీమ్, స్క్రీన్‌ప్లే స్టర్లింగ్ సిలిఫాంట్, వెండెల్ మేయస్. స్కాట్‌గా జీన్ హాక్‌మన్. తలకిందులైన ఓడలో దిక్కులు అర్థం చేయించడానికి గాలికోకు పేజీలకు పేజీలు పట్టింది. నేను ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చదవాల్సి వచ్చింది. సినిమాలో బల్ల పట్టుకుని వేలాడుతున్న మనిషి చేయి జారి, కింద గాజు దీపాల కప్పు మీద పడతాడు. అంతే, ఇక దిక్కుల గురించి ఒక్క మాట అక్కర్లేదు. క్రిస్మస్ చెట్టును నిచ్చెనగా నిలబెట్టి ఎక్కడం రెంటిలోనూ ఉంది. పుస్తకంలో అది ఒక ఉపాయం. సినిమాలో ఒక్కొక్కరు ఎక్కే తీరులోనే వాళ్ల స్వభావం బయటపడుతుంది.

స్కాట్ చివరి ఘట్టమూ అంతే. నవలలో అతను దేవుడి మీద విరుచుకుపడి, తనను తానే బలి ఇచ్చుకుని దూకేస్తాడు. నాకు అది ఎప్పుడూ ప్రసంగంలాగే వినిపించింది. సినిమాలో అతను దేవుణ్ణి తిడుతూనే మండే ఆవిరిని ఆపే చక్రానికి వేలాడి, చేతులు కాలుతుండగా దాన్ని తిప్పి, వెనకవాళ్లకు దారి చేసి పడిపోతాడు. కోపం అదే, ఇప్పుడు దానికి చేయడానికి ఒక పని దొరికింది.

ఇంకో మార్పుకు నేను పూర్తిగా సినిమా పక్షమే. నవలలో సూసన్ అనే పిల్ల మీద చీకట్లో ఒక కుర్ర నావికుడు అత్యాచారం చేస్తాడు. ఆ తరువాత గాలికో ఆ పిల్ల చేత వాణ్ణి ఓదార్పిస్తాడు, ఆఖర్న వాడి బిడ్డను కనాలని కోరుకునేట్టు చేస్తాడు. మనుషుల్ని అంత బాగా ఎరిగిన రచయిత అక్కడ ఘోరంగా తప్పాడు. సినిమా ఆ ఘట్టాన్ని ముట్టుకోలేదు.

ఇంతకీ సూసన్ ఎందుకు ఒంటరిగా వెళ్లింది? తమ్ముణ్ణి వెతకడానికి. నా పాత గొడవంతా ఆ తమ్ముడి గురించే. రాబిన్ చిన్నపిల్లాడు. నవలలో అమ్మానాన్నలతో, అక్కతో ఉంటాడు. మధ్యలో ఒంటికి వెళ్లాలని పక్కకు పోతాడు, అంతలో దీపాలు ఆరిపోతాయి, భయపడిన సిబ్బంది గుంపు ఆ దారిన పరుగెత్తుతుంది. పిల్లాడు మళ్లీ కనపడడు. చచ్చాడని కూడా ఎవరూ చెప్పరు. తల్లి జేన్ అప్పటిదాకా మర్యాదగా దాచుకున్న అసహ్యమంతా మొగుడి మీద కక్కేస్తుంది. ఆ పేజీల ముందు ఓడ మునగడం చిన్న విషయం అనిపిస్తుంది.

సినిమాలో రాబిన్ బతుకుతాడు. ఓడ గురించి అన్నీ తెలిసిన పిల్లాడిగా, దారి చెప్పేవాడిగా చివరిదాకా ఉంటాడు. దానికోసం రచయితలు అమ్మానాన్నల్ని ఓడలోంచే తీసేశారు. అక్కాతమ్ముళ్లు తల్లిదండ్రుల్ని కలుసుకోవడానికి ఒంటరిగా ప్రయాణం చేస్తున్నారని సర్దారు. తల్లి తెర మీద ఉండి కొడుకు కనపడకపోతే ప్రేక్షకుడు ఇంకెవరి వైపూ చూడడని వాళ్లకు తెలుసు. తెలిసే చేశారు. దీన్ని పిరికితనం అని ఇదే చోట నేను రాశాను. కనపడకుండా పోయిన పిల్లాణ్ణి భరించడం నవలకే చేతనవుతుందని నా నమ్మకం.

ఈసారి చదువుతుంటే తేదీ దగ్గర ఆగిపోయాను. నవల మొదలయ్యేది డిసెంబరు 26 ఉదయం. అది అచ్చయిన 35 ఏళ్లకు, 2004లో, అదే తేదీన సముద్రగర్భంలో భూకంపం వచ్చి సునామీ మన తీరాన్నీ తాకింది. కృష్ణా జిల్లాలో పుట్టిన నాకు ఆ రోజు వార్తలు వింటుంటే 1977 నవంబరు 19 గుర్తొచ్చింది. దివిసీమ ఉప్పెన. మా నాన్నగారి వైపు ఒక పెద్దమ్మ ఉప్పెన తరువాత మా ఇంటికి వచ్చేసింది. ఆవిడ కొడుకుల్లో చిన్నవాడు ఆ రాత్రి చేయి విడిచి పోయాడు. శవం దొరకలేదు. దొరకనివాడికి కర్మ ఎలా చేస్తారని ఒకరు, చేయకపోతే ఎలా అని ఒకరు. పెద్దవాళ్లు వసారాలో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పెద్దమ్మ ఏమీ అనేది కాదు. తద్దినం ఏ తిథికి పెట్టాలో ఎవరూ తేల్చలేదు. కొన్నాళ్లు గాలించారు, పునరావాస శిబిరాలన్నీ తిరిగారు. పక్క ఊళ్లో ఎవరో ఒక పిల్లాణ్ణి పెంచుకుంటున్నారని తెలిస్తే బండి కట్టుకుని వెళ్లొచ్చారు. ఆ పిల్లాడు వీడు కాదు.

ఆవిడకు కథలు చెప్పడం వచ్చు. మేం పిల్లలం రాత్రిళ్లు మంచాల మీద చేరి ఉప్పెన కథ చెప్పమనేవాళ్లం. ఎంత కఠినమైన కోరికో మాకేం తెలుసు. చెప్పేది. నీళ్లు గోడలా రావడం, గొడ్లు తాళ్లు తెంపుకోవడం, ఇళ్లకప్పులు తేలిపోవడం, అన్నీ. కానీ ఆ కథలో ఎప్పుడూ ఒక పిల్లాడు ఉండేవాడు. తాటిచెట్టును కరిచి పట్టుకుని తెల్లారేదాకా ఉండి, నీళ్లు తీశాక దిగి, నడుచుకుంటూ వచ్చేసేవాడు. దిగాక ఏం తిన్నాడో, ఎవరి పంచె కట్టుకున్నాడో కూడా చెప్పేది. మా పెద్దమ్మ కంటే బాగా పోయిన పిల్లాడి సంగతి తెలిసినవారు ఆ గదిలో ఎవరున్నారు? ఆవిడే ప్రతి రాత్రీ పిల్లాణ్ణి చెట్టు దింపి ఇంటికి తెచ్చింది.

ఆవిణ్ణి పిరికి మనిషి అనగలనా? అనలేను. అనలేనప్పుడు సిలిఫాంట్‌నీ మేయస్‌నీ ఆ మాట అనే హక్కు నాకు లేదు. రాబిన్ పోయాడని చెప్పే పుస్తకం ఉండాలి. జేన్ కోపం ఎవరో ఒకరు రాయాలి, గాలికో రాశాడు. రాబిన్ వచ్చాడని చెప్పేవాళ్లూ ఉండాలి. ఇన్నాళ్లు సినిమా మీద మోపిన ఆ నేరాన్ని ఈ వారంతో ఎత్తేస్తున్నాను.

దాని స్థానంలో ఇంకొకటి మోపుతున్నాను, ఇది పెద్దది.

నవల చివర్లో స్కాట్ బృందంలో మిగిలినవాళ్లు నూనె మరకలతో, లోబట్టలతో, ఓడ అడుగును కోసి తీస్తే బయటికి వస్తారు. వాళ్లలో ఒకడైన మానీ రోజెన్ చేతిలో భార్య బెల్ శవం తప్ప ఏమీ లేదు. అప్పుడు కనిపిస్తుంది వాళ్లకు, ఓడ ముందువైపు నుంచి ఇంకో గుంపు దిగుతోంది. వీళ్లకంటే చాలా మంది. చాలామంది ఒంటి మీద విందు బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. స్కాట్ దారి తప్పా? రైటా? ఆ ప్రశ్నకు గాలికో జవాబు చెప్పడు. చెప్పకపోవడం వల్లే అంతదాకా జరిగిన ప్రతి చావూ మళ్లీ బరువెక్కుతుంది.

సినిమాలో భోజనశాలలో ఆగినవాళ్లు మునిగిపోతారు. దారిలో ఒక డాక్టరు కొందరిని ముందువైపుకి నడిపిస్తూ ఎదురవుతాడు, స్కాట్ వద్దని వాదిస్తాడు, వాళ్లు వినరు, మళ్లీ కనపడరు. స్కాట్‌తో కలిపి ఎక్కిన పదిమందిలో చివరికి పైకి చేరిన ఆరుగురు తప్ప ఎవరూ బయటపడరు. నాయకుడు చెప్పిందే సరి, వినకపోతే చావు. ఉప్పెన చూసిన ఏ ఊరివాళ్లూ దీన్ని ఒప్పుకోరు. ఒకే చెట్టు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు మిగిలారు. మిద్దె ఎక్కినవాళ్లు కొందరు పోయారు, గుడిసె కప్పు మీద తేలినవాళ్లు కొందరు వచ్చారు. బతికినవాళ్లు సరైన దారి పట్టారనీ, పోయినవాళ్లు మాట వినలేదనీ మా పెద్దమ్మ ఒక్కనాడూ అనలేదు. అంటే ఆవిడ చిన్నకొడుకు తప్పు చేసినట్టవుతుంది.

పిల్లాణ్ణి బతికించడం పోయినవాళ్లను అవమానించదు. మా నాయకుణ్ణి నమ్మనివాళ్లంతా పోయారని చూపించడం అవమానిస్తుంది. 2006లో వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ ఇదే ఓడను మళ్లీ ముంచినప్పుడు గాలికో పాత్రల్ని పక్కన పెట్టి కొత్తవాళ్లను తెచ్చాడు. హాల్లో ఆగినవాళ్లను మాత్రం అతనూ ముంచేశాడు. మళ్లీ ఎవరైనా తీస్తే రాబిన్‌ను ఎలాగైనా చూపించనివ్వండి. ముందువైపు నుంచి విందు బట్టలతో దిగిన ఆ గుంపును మాత్రం నవలలో ఉన్నట్టే దింపాలి.