అష్టాచమ్మాలో ఓడిన పిల్ల

మా పటమట నుంచి బందరు రోడ్డెక్కి పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి. ఇంత దగ్గరున్నా పదమూడో ఏట నా గజ్జెలు అటకెక్కాయి. పెద్దమనిషినయ్యాను కదా! నలుగురిలో నోరు విప్పని పిల్లని, ఎదురు చెప్పలేదు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషంలో సిగ్గుపడితే అది కళ. నా సిగ్గు మాత్రం బుద్ధిమంతురాలి లక్షణం.

రజనేష్ దోమలపల్లి తీసిన 'వనజ' (2006) చూస్తుంటే ఆ గజ్జెలు గుర్తొచ్చాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు కోసం తీసిన ఈ సినిమా 2007 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ తొలిచిత్రం బహుమతి పొందింది. నటులెవరూ వృత్తి నటులు కారు. వనజగా వేసిన మమతా భుక్యా ఈ పాత్ర కోసమే కూచిపూడి నేర్చుకుంది.

జాలరి కూతురు వనజ నాట్యం మీద ఆశతో జమీందారిణి రమాదేవి ఇంట్లో పనికి చేరుతుంది. అమ్మగారితో అష్టాచమ్మా ఆడి, కావాలనే ఓడిపోతుంది. అలా మెప్పించి ముందు సంగీతం, తర్వాత నాట్యం సంపాదించుకుంటుంది. విద్య కావాలంటే తెలివిని దాచుకోవాలని ఆ పిల్లకెవరు చెప్పారు? మనలో ఎంతమందిమి అలా ఓడి నేర్చుకోలేదు?

అమెరికా నుంచి తిరిగొచ్చిన కొడుకు శేఖర్ ముందు మాత్రం ఆమె తెలివి దాచుకోదు. నలుగురిలో అతన్ని చిన్నబుచ్చుతుంది. దానికి బదులు అత్యాచారం, ఆపైన గర్భం.

దొరబిడ్డా పనిపిల్లా కథ మన తెరకు కొత్త కాదు. కొత్తగా ఉన్నది రమాదేవి. ఆమె దుర్మార్గురాలు కాదు, నిజమైన గురువు. తన అడుగు, తన ముద్ర ఆ పిల్లకు ఇవ్వగలిగింది. న్యాయం దగ్గరికొచ్చేసరికి తల్లీ, కులమూ, ఆస్తీ అడ్డొచ్చాయి. స్త్రీ చేతిలో ఉన్నంత మాత్రాన అధికారం స్త్రీల పక్షాన నిలబడదన్న చేదు నిజాన్ని ఉపన్యాసం లేకుండా చెప్పిందీ సినిమా.

కళ కాపాడుతుందని కూడా అబద్ధమాడలేదు. ఆ పిల్లకు నాట్యం దొరికింది ఆ లోగిలిలోనే, దెబ్బ తగిలిందీ అక్కడే. అయితే బిడ్డ విషయంలో సైతం బేరమాడగల ఆ ఇల్లు, ఆమె కాళ్లు నేర్చినదాన్ని వెనక్కి తీసుకోలేదు. నాకు మిగిలిన ఊరట అదొక్కటే.

గజ్జెలు అటక మీద నుంచి దించాను. కట్టుకోలేదింకా.