మన వీధి తీగలో మన మాట ఏది?

సింహాద్రిపురం నుంచి పులివెందులకు పోయినా, జమ్మలమడుగుకు పోయినా, ప్రొద్దుటూరుకు పోయినా కరెంటు స్తంభాలను పట్టుకుని కేబుల్ తీగ మన వెంటే వస్తుంది. ఊళ్లోని మిద్దెకూ అదే తీగ, ఊరి బయటి తండాకూ అదే తీగ. నెలనెలా డబ్బు కట్టే దగ్గర సుగాలీలకు గానీ, ఎరుకలవారికి గానీ, యానాదులకు గానీ ఎవరూ మినహాయింపు ఇవ్వరు. 2019 ఫిబ్రవరిలో కొత్త టారిఫ్ వచ్చినప్పుడు వంద ఛానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, పన్ను అదనం అన్నారు. ఆ లెక్క మేడలో ఉన్నవారికీ గుడిసెలో ఉన్నవారికీ ఒకటే. డబ్బు కట్టే చోట అందరితో సమానమైన మనం తెర మీద ఎందుకు సమానం కాలేకపోయాం? మన యువతరమూ, మన పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులూ ఈ ప్రశ్నను గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

ముందు తెర మీద మనం ఎట్లా ఉన్నామో చూద్దాం. సుగాలీ స్త్రీ అంటే అద్దాల రవికె, ఒక పాట, నాలుగు గంతులు. ఎరుకల స్త్రీ అంటే బుట్ట చంకన పెట్టుకుని సోది చెప్పే హాస్యపాత్ర. యానాది అంటే లోకం తెలియని అమాయకుడు. ఎరుకల పురుషుడంటే దొంగ. 1991లో ఒకే ఏడాది ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ముప్పై రెండేళ్లలో హీరోలు మారారు, కెమెరాలు మారాయి, బాపట్ల దగ్గరి ఆ ఊరి మీద పడిన ముద్ర మాత్రం మారలేదు.

ఆ ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. మనిషి నేరం చేశాడా లేదా అని చూడకుండా, పుట్టిన తెగను బట్టి నేరస్థుడని రాసుకునే చట్టం అది. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన కడప జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం నీడలో పుట్టిందే. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. కాగితం మీద పోయి డెబ్బై ఏళ్లు దాటిన చట్టం, తెర మీద మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. నేరవార్తలో పట్టుబడినవాడు పెద్ద కులంవాడైతే పేరుతో సరిపెడతారు. మనవాడైతే తెగ పేరు కూడా తగిలిస్తారు. మరుసటి రోజు బడిలో ఆ తెగ పేరుతోనే ఒక పిల్లవాడిని పిలుస్తారు. ఆ పిలుపుకు జడిసి బడి మానేసేవాడి సంగతి ఏ ఛానల్లోనూ వార్త కాదు.

‘దీనికి చట్టం లేదా?’ అని అడిగితే, ఉంది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియమాలు 1994లో వచ్చాయి, చట్టం 1995లో వచ్చింది. ఆ నియమాల్లో ఆరోది కార్యక్రమాల నియమావళి. ఏవేవి చూపకూడదో అందులో వరుసగా రాశారు. ఏదైనా జాతికి, భాషకు, ప్రాంతానికి చెందిన సమూహాన్ని నిందించేట్టు, ఎగతాళి చేసేట్టు, చిన్నచూపు చూసేట్టు దృశ్యాలు గానీ మాటలు గానీ ఉండకూడదన్న నిబంధన కూడా ఆ వరుసలో ఉంది. మన కోసమే రాశారా అనిపించేంత స్పష్టమైన మాట అది. దాన్ని ఉల్లంఘించే ప్రసారాన్ని ఆపించే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది, డివిజన్ స్థాయిలో ఆర్డీవోకు ఉంది. అధికారి ఢిల్లీలో లేడు, బస్సెక్కి పోయి కలిసే దూరంలోనే ఉన్నాడు. అయితే చట్టం ఉండటం వేరు, అది ఉందని మన తండాకు తెలియడం వేరు.

స్థానిక పర్యవేక్షణ కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖ మరో ఏర్పాటు చేసింది. 2005లో మొదలుపెట్టి, 2008 ఫిబ్రవరిలో సవరించి, ప్రతి జిల్లాలో కేబుల్ టీవీ పర్యవేక్షణ కమిటీ ఉండాలని ఉత్తర్వులు ఇచ్చింది. కలెక్టరు అధ్యక్షుడు. జిల్లా ఎస్పీ, జిల్లా పౌర సంబంధాల అధికారి సభ్యులు. ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్, పిల్లల సంక్షేమానికి పనిచేసే సంస్థ నుంచి ఒకరు, స్త్రీల సంక్షేమానికి పనిచేసే సంస్థ నుంచి ఒకరు ఉంటారు. విద్యావేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త, సామాజిక శాస్త్రవేత్తల కోవలో కలెక్టరు నామినేట్ చేసేవారు ఉంటారు. ప్రజల ఫిర్యాదులు తీసుకోవడం, లోకల్ ఛానల్ వార్తలు ఏ వర్గాన్నీ నొప్పించకుండా పక్షపాతం లేకుండా ఉన్నాయా అని చూడటం, చట్టప్రకారం ఇవ్వాల్సిన ఛానళ్లు ఇస్తున్నారా అని గమనించడం ఈ కమిటీ పని.

ఆ జాబితాను ఒక రచనను చదివినట్టు జాగ్రత్తగా చదవండి. స్త్రీలు ఉన్నారు, పిల్లలు ఉన్నారు, పోలీసు ఉన్నాడు. దళితులు లేరు, గిరిజనులు లేరు. జాతి సమూహాలను చిన్నచూపు చూడొద్దని నియమం రాసినవారు, ఆ చిన్నచూపు అనుభవించేవారికి కుర్చీ వేయడం మరిచారు. ఎగతాళి ఎక్కడ ఉందో ఎగతాళి పడినవారికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. సోది చెప్పే పాత్రను చూసి ప్రిన్సిపాల్ గారు నవ్వవచ్చు. అది ఆమె తప్పు కాదు. పక్కన కూర్చుని ‘ఇది మా అమ్మమ్మ బతుకు, నవ్వులాట కాదు’ అని చెప్పేవారు లేకపోవడం ఆ కమిటీ లోపం.

రెండో లోపం ఇంకా లోతైనది. ఈ ఏర్పాటంతా ‘చూపొద్దు’ అనడానికి ఉంది, ‘చెప్పుకోండి’ అనడానికి లేదు. మన గురించి చెడ్డగా చెప్పినవారిని ఆపించగలం గానీ, మన గురించి మనం చెప్పుకునే చోటును ఈ చట్టం ఇవ్వలేదు. అలాగని తప్పనిసరి చేయడం ఈ చట్టానికి తెలియని విద్యేమీ కాదు. దూరదర్శన్ ఛానళ్లను ప్రతి ఆపరేటరూ తప్పక ఇవ్వాలని ఇదే చట్టం ఎనిమిదో సెక్షనులో ఉంది. సర్కారు గొంతుకు తప్పనిసరి చోటు ఉన్నప్పుడు, జిల్లాలోని చిన్న గొంతులకు వారానికో గంట ఎందుకు ఉండకూడదు?

లోకల్ ఛానల్ లేదా అంటారేమో. ఉంది. మన ఊళ్లలో లోకల్ ఛానల్ అంటే సినిమాలు, కింద పాకే ప్రకటనలు, నగల దుకాణాల డిస్కౌంట్లు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. డబ్బున్నవారి పెళ్లి కూడా అందులో కనబడుతుంది. దానికి 2022 నవంబరులో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాట్‌ఫామ్ సర్వీసులని పేరు పెట్టింది. ఒక ఆపరేటరు మోయగల మొత్తం ఛానళ్లలో ఇవి ఐదు శాతం దాటకూడదు. ఛానలుకు వెయ్యి రూపాయలు కట్టి నమోదు చేసుకోవాలి. ప్రసారం చేసినదాని రికార్డు తొంభై రోజులు దాచిపెట్టాలి. స్థానిక వార్తలు ఇవ్వాలంటే కంపెనీగా నమోదై ఉండాలి. ఇవన్నీ ఆపరేటరుకు పెట్టిన షరతులే. ఊరికి ఇచ్చిన హక్కు వీటిలో ఒక్కటీ లేదు. తొంభై రోజుల రికార్డు మాత్రం మనకు పనికొస్తుంది. అవమానించిన కార్యక్రమం మీద ఫిర్యాదు చేస్తే, ‘మేం అట్లా వేయలేదు’ అని ఎవరూ తప్పించుకోలేరు.

అధికారం ఎటు జరుగుతోందో కూడా చూడాలి. ఇంతకుముందు కేబుల్ ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో ఏటా నమోదు చేసుకునేవాడు. 2025 జనవరి నుంచి ఆ నమోదు ఆన్‌లైన్లో నేరుగా కేంద్ర శాఖ చేతికి పోయింది, గడువు ఐదేళ్లు అయింది. ఆపరేటరుకు ఇది సౌకర్యమే. తీగ మన వీధిలో, దాని కాగితం ఢిల్లీలో అన్న పరిస్థితి మాత్రం ఇంకొంచెం పెరిగింది.

వేరే దేశాల్లో ఈ ముడి ఎట్లా విప్పారో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో 1984 నాటి కేబుల్ చట్టం ప్రకారం నగరపాలక సంస్థలు ఆపరేటరుతో ఒప్పందం చేసుకునేటప్పుడు ప్రజలకు, విద్యకు, స్థానిక ప్రభుత్వానికి ఛానళ్లు విడిగా అడగవచ్చు. ‘మా రోడ్ల మీద నీ తీగ వేసుకున్నావు కాబట్టి’ అని ఆదాయంలో ఐదు శాతం దాకా రుసుము తీసుకోవచ్చు. ఆ ప్రజా ఛానల్లో ఏం రావాలో ఆపరేటరు చెప్పడానికి వీల్లేదు. అక్కడ ఐదు శాతం అంటే ఊరు అడగగలిగే వాటా. ఇక్కడ ఐదు శాతం అంటే ఆపరేటరు దాటకూడని గీత. కెనడాలో 1999 సెప్టెంబరు 1న ఆదివాసుల సొంత జాతీయ ఛానల్ ఏపీటీఎన్ మొదలైంది. కేబుల్ ఉన్న ప్రతి ఇంటికీ దాన్ని తప్పక ఇవ్వాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఒక్కో ఇంటి నుంచి నెలకు పదిహేను సెంట్లు ఆ ఛానలుకు చేరేట్టు మొదట్లో ఏర్పాటు చేసింది. అక్కడి ఆదివాసులకు దక్కింది దయ కాదు, దేశమంతా కలిసి కట్టిన బాకీ.

దూరదేశాల మాట అట్లా ఉంచినా, మన తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు దాన్ని నడిపారు. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాసినవారిలో ఆయన ఒకరు. లైసెన్సు రాకముందే ఆ స్త్రీలు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. విత్తనాలు, పండుగలు, పాటలు, మందులు అన్నీ తమ యాసలోనే చెప్పుకున్నారు. లైసెన్సు వచ్చేనాటికి వాళ్ల దగ్గర మాట సిద్ధంగా ఉంది. మనం నేర్చుకోవలసింది ఇదే.

కొందరు అడుగుతారు, ‘ఇప్పుడు కేబుల్ ఎవరు చూస్తున్నారు, అంతా ఫోనే కదా’ అని. యువకులకు ఫోనే. అవ్వకూ తాతకూ ఇప్పటికీ టీవీనే. పైగా యూట్యూబులో మనల్ని అవమానిస్తే దాని ఆఫీసు ఎక్కడుందో కూడా మనకు తెలియదు. కేబుల్ ఆపరేటరు పక్క వీధిలో ఉంటాడు. ఆయన మీద చట్టం ఉంది, ఆ చట్టానికి ఒక కలెక్టరు ఉన్నాడు.

ఇంకొందరి భయం ఇంకోటి. కమిటీలకు బలం ఇస్తే అధికారంలో ఉన్నవారు దాన్ని కత్తెరగా వాడుకుంటారని. ఆ భయం ఒట్టిది కాదు. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఛానళ్లు కేబుల్లో కనబడకుండా పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో టీవీ9తో పాటు మరికొన్ని ఛానళ్లు ఆగిపోయాయి. టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు ప్రసారాలు తిరిగి ఇమ్మని ఆదేశించాల్సి వచ్చింది. స్విచ్చి ఎవరి చేతిలో ఉంటే వారిదే రాజ్యమని ఈ రెండు సంగతులూ చెబుతున్నాయి. పెద్ద ఛానల్ ఆగితే కోర్టుకు పోయే వకీళ్లు ఉన్నారు. మొదటి నుంచీ తెర మీదికే రాని మన గొంతు కోసం పోయేవారెవరు? అందుకే మనం అడిగేది కొత్త కత్తెర కాకూడదు. కమిటీలో ఒక కుర్చీ, లోకల్ ఛానల్లో ఒక గంట, ఈ రెండే అడగాలి.

కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. మన్యంలో గ్రామసభలకు పీసా చట్టం ఇచ్చిన బలం మనకు ఇక్కడ లేదు. కాబట్టి ఉన్న దారుల్నే వాడుకోవాలి. కమిటీలో కలెక్టరు నామినేట్ చేసే విద్యావేత్త స్థానం ఉంది కదా, అందులో ఒక గిరిజన ఉపాధ్యాయురాలినో ఉపాధ్యాయుడినో వేయమని అడగవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక అర్జీ చాలు. జిల్లా కమిటీలో ఎవరెవరు ఉన్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఎన్ని ఫిర్యాదులు తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దానికి రుసుము లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రభుత్వ సొంత సంస్థ అయిన ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ మొదలైంది. అది ప్రజల డబ్బుతో, ప్రజల కరెంటు స్తంభాల మీద లాగిన తీగ. అందులో గిరిజన భాషలకు చోటు అడగడం మన హక్కు.

అడగడంతో పాటు మాట సిద్ధం చేసుకోవాలి. గోర్‌బోలిలో అవ్వ చెప్పే కథ, ఎరుకల భాషలో బుట్ట అల్లే తీరు చెప్పే తాత, కుల ధ్రువపత్రం ఎట్లా తెచ్చుకోవాలో, ఉపకార వేతనానికి ఎప్పటిలోగా దరఖాస్తు పెట్టాలో చెప్పే మన డిగ్రీ చెల్లెలు. వీటిని ఫోనుతోనే రికార్డు చేయవచ్చు. ఉపాధ్యాయులు నెలకొకటి పిల్లలతో చేయించినా ఏడాదికి పన్నెండు అవుతాయి. ఆ పన్నెండూ పట్టుకుని పోయి లోకల్ ఆపరేటరును గంట అడిగితే, ‘మీ దగ్గర వేయడానికి ఏముంది?’ అన్న మాట ఆయన నోట రాదు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఇప్పటి కేబుల్ ఏర్పాటు. మన బొమ్మను వాడుకుంటుంది, మన డబ్బు తీసుకుంటుంది, మన మాటకు మాత్రం చోటివ్వదు. ఎనిమిదో తరగతి చదివే మన పిల్ల తన అవ్వ భాషను టీవీలో విన్న రోజున, ఆ భాష మాట్లాడటానికి సిగ్గుపడదు. ఆ భాష ఇంకో తరం బతకాలంటే ఆ గంట మనకు కావాలి.