మాట వినునది బండియా, ఫోనా?

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో ఇటీవల ‘మాట వినే రోబో’ తరచుగా కనబడుచున్నది. నాలుగు చక్రముల చిన్న బండి. విద్యార్థి చేతిలో సెల్‌ఫోను. ‘ముందుకు’ అనగానే బండి కదలును, ‘ఆగు’ అనగానే నిలుచును. చూచువారు చప్పట్లు కొట్టుదురు, నిర్ణేతలు బహుమతి ఇత్తురు. ఆ బహుమతి దేనికో విచారింపవలసి యున్నది.

ఈ బండికి చెవి లేదు. మాటను గ్రహించునది ఫోను. సాధారణముగా అది ధ్వనిని అంతర్జాలము ద్వారా దూరముననున్న కంప్యూటర్లకు పంపి, అక్షరములుగా మార్పించుకొని, వానిని బ్లూటూత్ ద్వారా బండికి అందించును. బండిలోని ఆర్డ్వినో పలక ఆ అక్షరములను ముందుగా వ్రాసియుంచిన నాలుగైదు పదములతో పోల్చి, మోటార్లను తిప్పును. ఆ పదమును పలుకక టైపు చేసి పంపినను బండి అట్లే నడచును. తీగలు కలిపి ప్రోగ్రాము వ్రాసిన విద్యార్థి శ్రమ మెచ్చదగినదే. కాని ‘మా రోబో మాటలను అర్థము చేసికొనును’ అని అట్టపై వ్రాయుట సత్యము కాదు.

నేను నిర్ణేతగా వెళ్లిన ఒక ప్రదర్శనలో ఎనిమిదవ తరగతి బాలిక ఎంత పిలిచినను బండి కదలలేదు. “నెట్టు లేదు సార్” అన్నది. అట్టపై లేని అసలు విషయమంతయు ఆ రెండు మాటలలో ఉన్నది. ఆమెకు బహుమతి రాలేదు. ఇవ్వని వారిలో నేనును ఉన్నాను.

దీనికంటె 1920ల నాటి ‘రేడియో రెక్స్’ అను అమెరికా బొమ్మ నాకు మేలుగా తోచును. సెల్యులాయిడ్ కుక్కను దాని గూటిలో విద్యుదయస్కాంతము పట్టియుంచును. వెనుక స్ప్రింగు నెట్టుచుండును. ‘రెక్స్’ అని పిలిచినపుడు ‘ఎ’ అచ్చులోని సుమారు 500 హెర్ట్జ్ ధ్వనికి ఒక లోహపు వంతెన కంపించి, కరెంటు తెగి, కుక్క బయటికి దూకును. దానికి పేరు తెలియదు. అంత కంపనము గల ‘ఎ’ పలికినచో ‘చెట్టు’ అనినను దూకవలసినదే! అయినను వినుట బొమ్మలోనే జరుగుచున్నది. గూడు విప్పి చూడవచ్చును.

ఇందులో ఒక వింత లోపమున్నది. 1952లో పీటర్సన్, బార్నీ అమెరికనుల గొంతులను కొలిచిరి. ఈ అచ్చు యొక్క మొదటి అనునాదము పురుషులలో సగటున 530, స్త్రీలలో 610, పిల్లలలో 690 హెర్ట్జ్. ఈ లెక్కన పిల్లల కొరకు చేసిన కుక్క పిల్లవాని పిలుపుకంటె తండ్రి పిలుపునకే సులభముగా పలుకును. ఎవరి గొంతునకు సరిపడునట్లు యంత్రమును అమర్చిరో వారి మాటయే అది వినును. నేటి ఫోనును గూర్చియు ఈ ప్రశ్న అడుగదగినదే, కాని అట్టలపై దానికి చోటు దొరకుట లేదు.

ఉపాధ్యాయులు బండితోపాటు ఒక పట్టికను కూడ కోరవచ్చును: బాలురు, బాలికలు, పెద్దలు కలిసి పది మంది, ఒక్కొక్కరు ‘ఆగు’ అని పది మారులు, ఎన్ని మారులు ఆగినది? అట్టి పట్టిక ఉన్నచో, ప్రదర్శన నాడు బండి కదలకపోయినను నేను బహుమతికి వ్రాయుదును.