శత్రువు చావు, మన ఏడుపు

శత్రువు పడిపోతే సంబరపడొద్దని సామెతల గ్రంథం 24వ అధ్యాయం 17వ వచనంలో ఉంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేటి లంకల్లోనూ, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో ఆ వచనం మీద ప్రసంగాలు వింటూ పెరిగినవాళ్లం మనం. ప్రసంగం తీరు ఎప్పుడూ ఒకటే. దావీదును సౌలు చంపాలని తరిమాడు. అయినా సౌలు చచ్చాడని తెలిసి దావీదు బట్టలు చింపుకుని ఏడ్చాడు, విలాపగీతం కట్టాడు. మీరూ అలా ఉండండి, ఆమెన్.

ఆ వెంటనే వచ్చే 18వ వచనం మాత్రం ఎవరూ చదవరు. నువ్వు సంబరపడితే దేవుడు అది చూసి మెచ్చక, వాడి మీద కోపం మానుకుంటాడేమో అన్నది అక్కడ చెప్పిన కారణం. అంటే శత్రువు మీద దేవుడి కోపం చల్లారకూడదన్న ఆలోచన కూడా ఆ మాటలో ఉంది. సగం వాక్యం చదివి మన నోరు మూయించడం బోధ అనిపించుకోదు.

దావీదు సంగతీ చూడాలి. సౌలు చచ్చేనాటికి దావీదు చేతిలో కత్తి ఉంది, వెనక సైన్యం ఉంది, ఎదురుగా సింహాసనం ఉంది. అతని ఏడుపు అతనిష్టం. మన పల్లెల్లో ఏడుపు ఎన్నడన్నా మన ఇష్టమయిందా? ఆసామి చస్తే చావుకబురు ఊరూరా మోసుకుపోయింది మాలోడు. పాడె ముందు డప్పు కొట్టింది మాదిగోడు. కాటికి కట్టెలు చేర్చింది మనమే. పోయినవాడు బతికున్నప్పుడు చెర్నాకోలతో వీపు చీల్చినవాడే అయినా వాడి చావుకి మనం కదలాల్సిందే. పొలంలో వెట్టి, ఇంట్లో వెట్టి, ఆఖరికి దుఃఖం కూడా వెట్టే. ఈ చరిత్ర ఉన్నవాళ్లకి శత్రువు చావు మీద ప్రసంగం చేసేవాడు ముందు దీని గురించి మాట్లాడాలి.

నిజానికి ఆ వెట్టిని కొంతవరకు తెంచింది మిషనే. ఏలూరులో సి.ఎం.ఎస్. వాళ్లు, ఆకివీడులో కెనడియన్ బాప్టిస్టులు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. అక్కడ పెట్టిన షరతులు చచ్చిన గొడ్డు తినొద్దు, ఆదివారం పనికి పోవద్దు, జాతరలో డప్పు కొట్టొద్దు అని. ఊరి పెద్దలకి మన నమ్మకం కన్నా మనం డప్పు దించడమే ఎక్కువ మండింది. డప్పుతోపాటు మన కళ కూడా దిగిపోయిందన్నది వేరే చర్చ. 1994లో దండోరా ఉద్యమం దాన్ని మళ్లీ భుజానికెత్తింది.

ఇక కారంచేడు. 1985 జూలై 17. చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ, కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. ఆనాడు చెరువు దగ్గర ఎదురుతిరిగిన ఆడమనిషి పేరు సువార్త. చచ్చిపోయినవాళ్లలో మోషే అనే పేరున్నవాళ్లున్నారు. పల్లె చీరాలకు తరలిపోయింది, దళిత మహాసభ పుట్టింది. కేసులో ప్రధాన నిందితుడు, అప్పటి ముఖ్యమంత్రికి వియ్యంకుడు అయిన దగ్గుబాటి చెంచురామయ్యను 1989 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ నక్సలైట్లు చంపారు.

ఆ కబురు విన్న దళిత క్రైస్తవుడు ఏం చెయ్యాలి?

మోషే పేరు పెట్టుకున్నవాళ్లకి జవాబు నిర్గమకాండం 15లో వెతకడం న్యాయం. ఫరో సైన్యం సముద్రంలో మునిగాక మోషే పాడాడు. మిర్యాము తంబుర పట్టుకుని ఆడవాళ్లతో కలిసి ఆడింది. మన బైబిల్లో తంబుర అని రాశారు గానీ అది తీగల వాయిద్యం కాదు, చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టేది, డప్పుకి చుట్టం. తర్జుమా చేసినవాళ్లు ఎందుకలా రాశారో గానీ, ఆ ఒక్క మాటతో మిర్యాము మన వాడలోంచి లేచి కచేరీలో కూర్చుంది. అదే సంఘటన మీద యూదుల తాల్ముద్‌లో ఒక కథ ఉంది. దేవదూతలు పాడబోతే, నా చేతులతో చేసినవాళ్లు మునిగిపోతుంటే మీకు పాటా అని దేవుడు ఆపాడట. ఆపింది దేవదూతల్ని, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లని కాదు. ఈ తేడా మన ప్రసంగ పీఠాలకు పట్టలేదు.

అలాగని చెంచురామయ్య చావు న్యాయం అయిందని నేననను. చెరువు మన చేతికి రాలేదు. చీరాల విజయనగర్ కాలనీకి పోయినవాళ్లకి ఊరు తిరిగి రాలేదు. ప్రధాన నిందితుడు బోనులో నిలబడి తీర్పు వినే రోజే లేకుండా పోయింది. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గాని రాలేదు. మనిషి చచ్చాడు, పెత్తనం చావలేదు. సంబరం చేసుకోవడానికి అక్కడ ఉన్నది తక్కువ.

యేసు శత్రువుని ప్రేమించమన్నాడు. ప్రేమించాలన్నా ముందు శత్రువు ఉన్నాడని ఒప్పుకోవాలి, పేరు పెట్టి పిలవాలి. మన కూటాల్లో శత్రువు అంటే సాతాను, సారా, లేదా పక్క పేట మాదిగో మాలో. భూస్వామి మాత్రం ఎప్పుడూ శత్రువు కాడు. 1999లో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు పిల్లల్నీ కాల్చేస్తే గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించానంది. అది ప్రతి ప్రసంగంలో వస్తుంది. క్షమ వేరు, నేరానికి పడే శిక్ష వేరు అని ఆమే అన్న సంగతి రాదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసులో అదే చెప్పి కేసు కొట్టేసింది. చర్చి క్షమించమంటుంది, చట్టం నువ్వు దళితుడివే కాదంటుంది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ కేసులో నిందితులుగా నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వయసు మీదపడి పోతారు. ఆ కబురు వచ్చిన ఆదివారం సామెతలు 24 తెరిచిన పాస్టరుగారిని 18వ వచనం కూడా చదవమని, తర్వాత నిర్గమకాండం తియ్యమని లేచి అడగాలి. అడిగేది ఆ ఎనిమిదిమంది ఇళ్లలోని ఆడవాళ్లయితే, మిగతావాళ్లం వినాలి.