చింతపండు పిప్పి ఏ డబ్బాలో?

షాంఘైలో చింతపండు పిప్పి తడి చెత్తా, పొడి చెత్తా? ఈ వారం ఒక అపార్ట్‌మెంట్ కాంపౌండులో నలుగురు పెద్దవాళ్ళు పొద్దున్నే ఈ ప్రశ్న మీద తర్జనభర్జన పడ్డారు. అందుకు కారకుడు ఈ కాలమ్ రాసేవాడే. పులుసు పిండుకోగా మిగిలిన పిప్పి, అందులో కాసిని గింజలు, పీచు. డబ్బాల దగ్గర కాపలా కాసే ఆయీ, అంటే మన లెక్కన పిన్నిగారు, దాన్ని పట్టకారుతో పైకెత్తి అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది. ఇదేమిటని అడిగింది. పండు అన్నాడు. ఇలాంటి పండు తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదంది. దారిన పోతున్న ఇద్దరు తాతలు ఆగారు. ఒకాయన ఫోన్ తీసి ఫొటో కూడా కొట్టాడు. ఇంతలో చేతిలో పాల సీసాతో ఇంకొకావిడ వచ్చి చేరింది.

ఆ డబ్బాలతో కాలమిస్టు తగువు పాత పాఠకులకు కొత్త కాదు. ఆ కాంపౌండులో పొద్దున 7 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 8 వరకు మాత్రమే చెత్త వెయ్యాలి. మిగతా వేళల్లో మూతలకు తాళాలు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినవాడు రాత్రంతా చేపముళ్ళతో కాపురం చెయ్యాల్సిందే. ఈ తాళాల మీద అతను ఇదే పేజీలో ఎన్నిసార్లు విరుచుకుపడ్డాడో ఎడిటర్‌గారికి బాగా తెలుసు.

షాంఘైలో చెత్త వేరుచేయడం 2019 జులై 1 నుంచి చట్టం. తడి చెత్తకు గోధుమరంగు డబ్బా, పొడికి నలుపు, మళ్ళీ పనికొచ్చే వాటికి నీలం, మందులూ బ్యాటరీల లాంటి ప్రమాదకరమైన వాటికి ఎరుపు. తప్పు చేసిన మనిషికి 50 నుంచి 200 యువాన్ల దాకా జరిమానా. తడి చెత్తను సంచితో సహా పడేస్తే కుదరదు. సంచి విప్పి, లోపలిది గోధుమరంగు డబ్బాలో గుమ్మరించి, ఖాళీ సంచిని నల్లదాంట్లో వెయ్యాలి. కోడి ఎముక తడి, పంది తొడ ఎముక పొడి. కొబ్బరి చిప్ప కూడా పొడే. మొదట్లో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళూ తికమకపడ్డారు. అప్పుడు ఊరంతా పాకిన జోకు ఒకటుంది: పంది తినేది తడి, పంది కూడా ముట్టనిది పొడి, తింటే పంది చచ్చేది ప్రమాదకరం, అమ్మితే వచ్చిన డబ్బుతో పందిని కొనుక్కోగలిగేది నీలం డబ్బాది.

ఆయీ కూడా చివరికి ఆ సూత్రం దగ్గరికే వచ్చింది. "దీన్ని పంది తింటుందా?" పందుల సంగతి కాలమిస్టుకు తెలియదు. ఎటూ తేలక ఆయీయే తీర్పు చెప్పింది: పిప్పి తడి, గింజలు పొడి, ఏరి ఇవ్వు. అతను అక్కడే నిలబడి గింజలు ఏరాడు.

పందుల సంగతి తెలియకపోయినా గేదెల సంగతి అతనికి తెలుసు. తెనాలి దగ్గర నానమ్మ ఇంట్లో వంటింటి గుమ్మం పక్కనే కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, సొరకాయ చెక్కు, బీరకాయ చెక్కు, పైన దోసెడు తవుడు. ఉల్లిపాయ పొట్టు పడితే మాత్రం నానమ్మ ఊరుకునేది కాదు. అరటి తొక్కలు తొట్టిదాకా వెళ్ళేవి కావు, దారిలోనే గేదె నోటికి అందేవి. కొబ్బరి చిప్పలు నీళ్ళ కాగు కిందికి, పీచు అంట్లు తోమడానికి, పొయ్యిలో బూడిదా అందుకే. పాత పేపర్లు కొట్టుకు వెళ్ళి పొట్లాలై తిరిగొచ్చేవి. ఇక చింతపండు పిప్పి అయితే చెత్త కిందే లెక్క కాదు. దాన్ని ఒక చిప్పలో దాచి, పండగ ముందు ఇత్తడి బిందెలు దాంతోనే తోమేవారు. మిగిలిన చెత్తాచెదారం పేడతో కలిసి పెంటకుప్పకు చేరేది. వేసవిలో బండెక్కి పొలానికి పోయేది.

కలం ఇక్కడికి వచ్చాక ఎటు పరుగు తీస్తుందో పాఠకులు ఊహించే ఉంటారు. మన పాతకాలమే నయం, నానమ్మకు తెలిసింది నగరపాలకులకు తెలియదు అనే కాలమ్‌ను అతను ఇదివరకే పేర్లు మార్చి రాశాడు. ఈసారీ సగం రాశాడు. పెరటి గోడ గుర్తొచ్చి ఆగాడు.

పగిలిన గాజు, ఖాళీ మందు సీసాలు, తెగిన చెప్పులు, చచ్చిన ఎలుక ఆ గోడ మీదుగా అవతలి సందులోకి పోయేవి. పొద్దున్నే ఒకామె వచ్చి సందు ఊడ్చి, అన్నీ తట్టలోకి ఎత్తుకుని వెళ్ళేది. ఎప్పుడూ వీధి గుమ్మం వైపు వచ్చేది కాదు. మిగిలిన అన్నం ఆమె గిన్నెలో పైనుంచి పడేది. ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరికీ తెలియదు, పిలవాల్సొస్తే "ఏమే" అనేవారు. గాజు పెంకు గుచ్చుకుందా అని అడిగినవాళ్ళూ లేరు. ఆ ఇంటి శుభ్రతలో సగం కుడితి తొట్టిది, సగం ఆమెది.

తడి, పొడి అనే విభజన హైదరాబాద్‌కూ కొత్త కాదు. 2015లో అక్కడ ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. కొన్ని ఇళ్ళలో వాటిలోకి బియ్యమూ నీళ్ళూ చేరాయి. చెత్త మాత్రం ఎప్పటిలా ఒకే కవర్లో ఆటో ఎక్కింది, ఆటో మీదివాళ్ళు చేతుల్తో కెలికి వేరుచేసుకున్నారు. షాంఘైలో వేరుచేసే పని చెత్త వేసినవాడి మీదే పడింది. ఆయీ అదే కాంపౌండులో మూడో అంతస్తులో ఉంటుంది, మిల్లులో పనిచేసి రిటైరైంది. పైఅంతస్తు వకీలుగారి సంచినీ అలాగే విప్పించి చూస్తుంది. డబ్బాల పక్కన చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉంది.

వకీలుగారి సంగతి సరే, కాలమిస్టు పరాయి దేశంవాడు. 2020 జనాభా లెక్కల్లో చైనా మొత్తం మీద తేలిన విదేశీయులు 8,45,697 మంది. 141 కోట్ల జనంలో వాళ్ళెంత? అందుకే ప్రతిచోటా విదేశీయుడికి ఒక పక్కదారి ఉంటుంది. ఇల్లు మారితే 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి. ఇక్కడివాళ్ళ గుర్తింపు సంఖ్యకు 18 అంకెలు, భారతీయ పాస్‌పోర్టుకు ఎనిమిదే అక్షరాలు. ఆ సంఖ్య కోసమే గడి పెట్టిన చోట ఆ ఎనిమిదీ ఇమడవు. రైలు స్టేషన్లో గేటు తెరుచుకోకపోతే మనిషి కూర్చున్న కౌంటరుకు పోవాలి. ఫోన్‌తో చెల్లించే యాప్‌లో విదేశీ కార్డు పెట్టుకుంటే 200 యువాన్లు దాటిన చెల్లింపు మీద 3 శాతం రుసుం. డబ్బాల దగ్గర మాత్రం పక్కదారి లేదు. పరాయి దేశంవాడు కదా పోనీలే అని ఆయీ ఒక్కసారి కూడా అనలేదు.

మొన్న కాంపౌండు వీచాట్ గ్రూపులో ఓటింగు పెట్టారు. కాపలా తీసేసి, కెమెరాలు బిగించి, డబ్బాలు రాత్రింబవళ్ళూ తెరిచి ఉంచుదామా అని. ఈ కాలమ్ ఇన్నాళ్ళూ కోరింది అదే. అయినా కాలమిస్టు వద్దనే ఓటేశాడు, సాయంత్రం గడువు మాత్రం 9 దాకా పెంచమని కింద రాశాడు. ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. ఆయీ వాయిస్ మెసేజ్ పెట్టింది: ఎనిమిదింటికి తన సీరియల్ మొదలవుతుందట, కుదరదట.