వద్దనే హక్కు

ఆసుపత్రిలో చేరిన పిల్లవాడిని ఎవరూ ఏమీ అడగరు. సూది ఎప్పుడు వెయ్యాలో, సెలైన్ ఎప్పుడు పెట్టాలో, అన్నం ఎప్పటిదాకా మాన్పించాలో అన్నీ పెద్దవాళ్లే తేలుస్తారు. అది తప్పదు కూడా. పిల్లల్ని నవ్వించడానికి వచ్చే ఆసుపత్రి క్లౌన్లు మాత్రం తలుపు దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడుగుతారు. వద్దంటే వెళ్లిపోతారు. ఈ కళలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ వెళ్లిపోవడాన్నే. రోజంతా తన మాట చెల్లని చోట, ఆ పిల్లవాడి మాట ఒక్కటైనా చెల్లింది.

ఈ కళను వృత్తిగా నిలబెట్టినవాడు మైకేల్ క్రిస్టెన్సన్. న్యూయార్క్ బిగ్ ఆపిల్ సర్కస్ స్థాపకుల్లో ఒకడు, తనే క్లౌన్. సోదరుణ్ణి క్యాన్సర్ తీసుకుపోయిన కొద్దికాలానికే, 1986లో, అక్కడి పిల్లల ఆసుపత్రిలో ‘క్లౌన్ కేర్ యూనిట్’ మొదలుపెట్టాడు. తెల్లకోటు వేసుకుని ఎర్రముక్కు మార్పిడి ఆపరేషన్లు చేసేవాడు, చాక్లెట్ పాలు ఎక్కించేవాడు. పిల్లలు భయపడే వైద్యాన్నే వాళ్ల ఆటవస్తువు చేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన కరోలిన్ సైమండ్స్ 1991లో పారిస్‌లో ‘ల రీర్ మెద్సాఁ’ సంస్థను స్థాపించింది.

ఈ క్లౌన్లు సాధారణంగా ఇద్దరిద్దరుగా తిరుగుతారు. ముందు నర్సులతో మాట్లాడి ఎవరికి నొప్పి ఎక్కువగా ఉందో, ఎవరిని కదిలించకూడదో తెలుసుకుంటారు. చేతులు శుభ్రం చేసుకున్నాకే గదిలో అడుగుపెడతారు. ఆటలో ఎప్పుడూ ఓడేది వాళ్లే. తోలుబొమ్మలాటలో బంగారక్క చేతిలో కేతిగాడు తన్నులు తిన్నట్టు, ఇద్దరిలో ఒకరు రెండోవారి చేతిలో తప్పక భంగపడతారు. మంచం దిగలేని పిల్ల అది చూసి, అలా కాదు ఇలా చెయ్యమని నేర్పుతుంది. ఆ కాసేపూ తెలివైనది ఆమే.

2005లో పీడియాట్రిక్స్ పత్రికలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో జరిగిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఆపరేషన్‌కు వెళ్లే 40 మంది పిల్లల్లో, మత్తు ఇచ్చేటప్పుడు తల్లి లేదా తండ్రితో పాటు క్లౌన్లు కూడా పక్కనున్నవాళ్లకు ఆందోళన తక్కువగా కనిపించింది. అయితే పనికి అడ్డమవుతోందని అక్కడి సిబ్బందిలో ఎక్కువమంది దాన్ని కొనసాగించడానికి ఇష్టపడలేదు. వాళ్ల అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆపరేషన్ థియేటర్లో ప్రతి నిమిషమూ లెక్కే. నవ్వించడం వచ్చినంత మాత్రాన చాలదు, ఆసుపత్రి పనిలో ఇమడటం నేర్చుకోవాలి.

ఇవాళ వద్దన్న పిల్లవాడు వచ్చేవారం రమ్మనవచ్చు. అందుకోసం వచ్చేవారం కూడా ఆ క్లౌనే రావాలి. ఏడాదికోసారి పళ్లూ బెలూన్లూ పంచి ఫొటో దిగి వెళ్లేవాళ్ల వల్ల అది కాదు. దానికి శిక్షణ కావాలి, జీతం కావాలి, ఫలానా రోజు ఫలానా వార్డు అనే ఏర్పాటు కావాలి. మన పిల్లల ఆసుపత్రులు ఆ ఖర్చును దానధర్మాల పద్దులో కాదు, వైద్యం పద్దులో రాయాలి.