సన్నసెగ నేర్పు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది గనుక, ఆ ఊరి బర్మామైన్స్ పేటలో స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాల వంట షిఫ్టు వేళలకు లోబడక తప్పలేదు. అటువంటి ఇళ్లకు స్లో కుక్కర్, అనగా పింగాణీ గిన్నెను చుట్టూ అమర్చిన విద్యుత్తు తీగతో సన్నగా వేడిచేసే పాత్ర, వింతేమీ కాదు. కుంపటి మీద పప్పునూ, పిడకల దాలిలో పాలనూ గంటల తరబడి మగ్గనిచ్చిన పాత నేర్పుకే అది కరెంటు రూపం, అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ దానికి 1940లో పేటెంటు పొందినప్పటికీ. పులుపు ముందే చేరితే కందిబద్ద ఓ పట్టాన ఉడకదని ఎరిగి, పప్పు మెత్తబడ్డాకే చింతపండు రసం పోసే గృహిణి ఒడుపు ఇక్కడా అక్కరకొస్తుంది. రాజ్మాలోని లెక్టిన్ అనే విషపదార్థం మాత్రం ఈ సన్నసెగకు నశించదు గనుక, గింజలను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీటిలో పది నిమిషాలు తెర్లకాచిన తరువాతే గిన్నెలో వేయాలి. ఇంగువ తిరగమోత చిటపటలకు ఎలాగూ పొయ్యి వెలిగించవలసిందే.